పండు నుంచి గ్లాసు దాకా: రసాలు, స్మూతీలు, చల్లని పానీయాలు ఎంచుకోవడం, ఇంట్లో చేసుకోవడం ఎలా

పండ్ల పానీయం కిరాణా కొట్టు ఫ్రిజ్‌లోని డబ్బాది కావచ్చు, మెహదీపట్నం కూడలిలో బండి మీద తీసినది కావచ్చు, మన వంటింటి మిక్సీలో తిరిగినది కావచ్చు. తాగేముందు రెండు విషయాలు తెలిసి ఉండాలి: పండులోంచి ఏం తీసేశారు, దానికి ఏం కలిపారు. పీచు పోయిందా, నీళ్లు కలిశాయా, చక్కెర ఎంత పడింది, ఐస్ ఏ నీటితో చేశారు అన్న చిన్న చిన్న ప్రశ్నలన్నీ ఆ రెండింటి కిందికే వస్తాయి. డబ్బా విషయంలో జవాబు వెనకవైపు అచ్చులో ఉంటుంది, బండి దగ్గర కళ్లతో చూసి తెలుసుకోవాలి, ఇంట్లోనైతే ఆ జవాబు పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా హైదరాబాద్ ఎండల్లో రోజూ ఏదో ఒకటి తాగక తప్పని వారి కోసం ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఎందుకు తాగుతున్నామో తేల్చుకోవాలి

దాహానికీ, ఆకలికీ, రుచికీ, అనారోగ్యానికీ ఒకే పానీయం సరిపోదు. దాహం వేసినప్పుడు శరీరానికి కావలసింది నీళ్లు, చెమటలో పోయిన కొద్దిపాటి ఉప్పు. ఆ పనికి మంచినీళ్లు, పలచటి మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, కొబ్బరి నీళ్లు సరిపోతాయి. చిక్కటి మామిడి రసం ఆ పనికి రాదు, తాగిన కాసేపటికే మళ్లీ నీళ్ల కోసం చూస్తాం. ఆకలిగా ఉండి వంటకు వ్యవధి లేనప్పుడు పెరుగో, పాలో, గింజలో కలిసిన స్మూతీ పనికొస్తుంది. ఇక రుచి కోసం తాగే రసానికి చిన్న గ్లాసు చాలు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రసం కంటే పండును పండుగా తినడమే మేలని స్పష్టంగా చెప్పాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు కాయలైనా పిండాలి. ఆ మూడు కాయలనూ తొనలు ఒలుచుకుని తినాలంటే చాలా సేపు పడుతుంది, రెండో కాయ దగ్గరే చాలనిపిస్తుంది. గ్లాసులో అయితే మూడు కాయల చక్కెర రెండు నిమిషాల్లో లోపలికి వెళుతుంది, దాన్ని నెమ్మదింపజేసే పీచు మాత్రం జాలీలో మిగిలిపోతుంది. రసం చెడ్డదని నేను అనను. అది పండుకు బదులు కాదని గుర్తుంచుకుని తాగాలని మాత్రం అంటాను.

విరేచనాలైనప్పుడు, ముఖ్యంగా పిల్లలకు, పండ్ల రసం మందు కాదు. ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ ఉన్నదే అసలైన ఓఆర్ఎస్. ఈ సూత్రాన్ని పాటించని తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ ఆదేశం వెనుక మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. మందుల దుకాణంలో ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.

రెండో మెట్టు: డబ్బా వెనక్కి తిప్పి చదవాలి

డబ్బా ముందువైపు బొమ్మ ఎంత రసం కారుతున్నా దాన్ని పట్టించుకోనవసరం లేదు. వెనక్కి తిప్పి, ముందుగా అది ఏ తరగతి పానీయమో వెతకాలి. నిబంధనల భాషలో జ్యూస్, నెక్టార్, ఫ్రూట్ డ్రింక్ అనేవి మూడు వేర్వేరు సరుకులు. జ్యూస్ అంటే పండు రసమే. నెక్టార్‌లో రసం లేదా గుజ్జు సాధారణంగా కనీసం 20 శాతం ఉంటే చాలు. ఫ్రూట్ డ్రింక్‌లో 10 శాతం, నిమ్మ పానీయమైతే 5 శాతం ఉంటే చాలు. మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా అడిగే మామిడి పానీయాలు చాలావరకు ఈ మూడో తరగతివే. అంటే మిగిలినదంతా ప్రధానంగా నీళ్లూ చక్కెరే. వాటిలోని గుజ్జు ఎక్కువగా తోతాపురి మామిడిది. చిత్తూరు ప్రాంతపు గుజ్జు కర్మాగారాలు ఆ కాయ మీదే నడుస్తాయి. తోతాపురి మంచి కాయే, కానీ బొమ్మలోని పండు చూసి బేనిషాన్ రుచి ఆశించకూడదు.

తరువాత పదార్థాల వరుస చూడాలి. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రావాలన్నది నియమం. నీళ్లు, చక్కెర, ఆ తరువాత గుజ్జు అని వరుస ఉంటే సంగతి అర్థమైనట్టే. 'మిక్స్‌డ్ ఫ్రూట్' అని రాసిన డబ్బాల్లో ఏ పండు ఎంత శాతమో కూడా చదవండి. పేరు గొప్ప పండుది ఉండి, సింహభాగం ఆపిల్ రసమే కావడం తరచుగా కనిపిస్తుంది.

'కాన్సంట్రేట్ నుంచి' అన్న మాటకు అర్థం ఇది: పండు రసాన్ని పిండిన చోటే వేడి చేసి, అందులోని నీటిని ఆవిరి చేసి, చిక్కటి పాకంలా మార్చి రవాణా చేస్తారు. ప్యాకింగ్ చేసే చోట మళ్లీ నీళ్లు కలిపి పలచన చేస్తారు, ఆవిరితో పోయిన వాసనను తిరిగి చేరుస్తారు. ఇందులో మోసమేమీ లేదు, కానీ అప్పుడే పిండిన రసంతో ఇది సమానం కాదు. ఇలా తిరిగి నీళ్లు కలిపిన రసాలను 'నూరు శాతం పండ్ల రసం' అని చెప్పుకోవడం మానాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో కంపెనీలన్నింటినీ ఆదేశించింది, పాత అచ్చు డబ్బాలను అమ్ముకోవడానికి ఆ ఏడాది సెప్టెంబరు 1 దాకా గడువిచ్చింది. కిలో రసానికి 15 గ్రాములకు మించి తీపి పదార్థాలు కలిపితే దాన్ని 'తీపి కలిపిన రసం' అనే పేరుతోనే అమ్మాలి.

ఇప్పుడు పోషకాల పట్టిక. అందులో అంకెలు సాధారణంగా 100 మి.లీ. లెక్కలో ఉంటాయి, మనం తాగేది మాత్రం 200 మి.లీ. డబ్బా. మొత్తం చక్కెర 12 గ్రాములని రాసి ఉంటే డబ్బా ముగిసేసరికి 24 గ్రాములు, అంటే దాదాపు ఐదారు చెంచాలు తాగినట్టు. పెద్దలకు రోజంతటికీ 30 గ్రాముల చక్కెర, ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు 24 గ్రాములు హద్దు అని పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక్క డబ్బాతో పిల్లవాడి రోజు హద్దు ముగిసిపోతుంది. 'చక్కెర కలపలేదు' అని ఉన్నంత మాత్రాన చక్కెర లేదని కాదు, పండు రసంలోని సహజమైన చక్కెర కూడా ఆ పట్టికలో మొత్తం చక్కెర కింద కనిపిస్తుంది. రసంగా తీసినప్పుడు పండులోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మితం పాటించవలసిన చక్కెరల్లోనే లెక్కిస్తుంది.

అంకెల సంకేతాలను చూసి కంగారుపడనవసరం లేదు. 330 అంటే నిమ్మ ఉప్పు, 300 అంటే సి విటమిన్, 440 అంటే పండ్లలో సహజంగా ఉండే పెక్టిన్. 211, 202 నిల్వ కోసం కలిపేవి. 224 గంధకపు లవణం, ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఇది పడదు. 102, 110 కృత్రిమ పసుపు, నారింజ రంగులు. 950, 951, 955 చక్కెర లేని తీపి పదార్థాలు. పిల్లల కోసం కొనేటప్పుడు నేను రంగులు, ఈ తీపి పదార్థాలు లేనివాటినే ఎంచుతాను.

టెట్రా డబ్బాను తెరవనంత వరకు బయట ఉంచినా ఫర్వాలేదు, ఎందుకంటే లోపలి పానీయాన్ని తీవ్రమైన వేడితో శుద్ధి చేసి, సూక్ష్మజీవులు లేని డబ్బాలో మూసి ఉంచుతారు. తెరిచిన తరువాత మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి, డబ్బా మీద చెప్పిన రోజుల్లోగా ముగించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు లేని పండ్ల పానీయాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ధర తగ్గిందని ఇంటికి రెండు డబ్బాలు ఎక్కువ తెచ్చుకోవడానికి అది కారణం కాకూడదు.

మూడో మెట్టు: బండి దగ్గర, జ్యూస్ సెంటర్‌లో ఏం చూడాలి

ఇక్కడ పండు కంటే ముందు నీటినీ, ఐస్‌నూ చూడాలి. టైఫాయిడ్, పచ్చకామెర్లు, విరేచనాలు కలుషితమైన నీటి ద్వారానే ఎక్కువగా వస్తాయి. చల్లగా ఉన్నంత మాత్రాన క్రిములు చావవు, ఐస్‌లో అవి నిలిచే ఉంటాయి. చేపలు, కూరగాయల నిల్వకు వాడే ఐస్‌కు నీలం రంగు కలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఆదేశించింది. కాబట్టి నీలంగా కనిపించే ఐస్ ఉన్నచోట ఆగనే వద్దు. అయితే తెల్లగా ఉన్న ప్రతి గడ్డా తాగే నీటితో చేసినదని నమ్మడానికీ లేదు. గోనె సంచిలో, నేల మీద పెట్టిన పెద్ద గడ్డను సుత్తితో కొట్టి వేస్తుంటే, 'బరఫ్ వద్దు, షక్కర్ వద్దు' అని ముందే చెప్పడం ఉత్తమం. ఆ ఒక్క మాటతో సగం చిక్కులు తీరిపోతాయి.

తరువాత జార్‌ను చూడండి. ఒకే బకెట్ నీళ్లలో రోజంతా ముంచి తీస్తున్నారా, నల్లా కింద కడుగుతున్నారా? పండ్లు ముందే కోసి ఈగలు వాలేలా ఉంచారా, అడిగాక కోస్తున్నారా? బత్తాయి, దానిమ్మ, పైనాపిల్ లాంటివి మన ముందు ఒలిచి తీసే చోటు వెతుక్కోవాలి. పుచ్చకాయ ముక్కలు పొద్దుటి నుంచి ఎండలో ఉంటే వదిలేయాలి, పులుపు తక్కువగా ఉండే పండు కాబట్టి అందులో క్రిములు త్వరగా పెరుగుతాయి. గోడ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనిపించడం కూడా మంచి గుర్తే.

చెరకు రసం మన నగరానికి ప్రాణప్రదమైన పానీయం, దాన్ని పూర్తిగా మానమని చెప్పడానికి నాకు మనసు రాదు. కానీ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 మి.లీ. చెరకు రసంలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్ద గ్లాసు 250 మి.లీ. అనుకుంటే ఒక్క గ్లాసుతోనే 30 గ్రాముల హద్దు దాటుతుంది. అందువల్ల చిన్న గ్లాసు, ఐస్ లేకుండా, అల్లం నిమ్మకాయ వేసి, అదీ ఎప్పుడో ఒకసారి. చెరకు గడలను చెక్కి కడిగి, గానుగను తరచుగా నీళ్లతో తుడిచే బండిని గుర్తుపెట్టుకుంటే మేలు.

నాలుగో మెట్టు: ఇంట్లో రసం తీయడం, ఏ పండుకు ఆ పద్ధతి

ఖరీదైన జ్యూసర్ తప్పనిసరి కాదు. మంచి మిక్సీ, స్టీలు జాలీ, బత్తాయి పిండే చిన్న చేతి పరికరం ఉంటే ఇంటికి చాలు. చల్లగా నొక్కి తీసే యంత్రాల్లో నురగ తక్కువ వస్తుంది, రంగు కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ అవి కూడా పీచును బయటికే నెట్టేస్తాయి.

పండ్లను కోయకముందే నల్లా నీళ్ల కింద చేత్తో రుద్ది కడగాలి. తొక్క తీసేసే పుచ్చకాయ, ఖర్బూజాలను సైతం కడగాలి, ఎందుకంటే తొక్క మీది మట్టి కత్తితో పాటు గుజ్జులోకి దిగుతుంది. కొనుగోలు విషయంలో కాలాన్ని నమ్ముకోవడం కంటే మంచి చిట్కా లేదు. కొత్తపేట నుంచి బాటసింగారానికి తరలిన టోకు మార్కెట్‌కు ఏ పండు లారీల కొద్దీ వస్తోందో అదే రైతు బజారులోనూ, సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనూ చవకగా, తీపిగా దొరుకుతుంది. కాలం కాని కాలంలో కొన్న పండుకు చక్కెర కలపక తప్పదు. కాలంలో పండినదానికి ఆ అవసరమే రాదు.

బత్తాయి విషయంలో చాలామంది ఎదుర్కొనే ఇబ్బంది చేదు. నల్లగొండ బత్తాయి ఎంత తియ్యగా ఉన్నా, గింజలతో సహా మిక్సీలో వేస్తే, లేదా తొన మీది తెల్లపొరను గట్టిగా నలిపితే, రసం చేదెక్కుతుంది. పిండిన వెంటనే బాగుండి అరగంటకు చేదుగా మారడమూ ఇందువల్లే. పొరలోని ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. కాబట్టి కాయను అడ్డంగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, చేతి పరికరంతో తేలికగా పిండి, వెంటనే తాగాలి. బత్తాయి రసంలో చక్కెర వేయడం నాకు అసలు నచ్చదు, కొద్దిగా నల్ల ఉప్పు చాలు.

దానిమ్మ గింజలను మిక్సీలో రెండు మూడు సార్లు చిన్నగా తిప్పి ఆపాలి. ఎక్కువసేపు తిప్పితే లోపలి గట్టి గింజ నలిగి వగరు దిగుతుంది. ఇంకా మంచి మార్గం గింజలను గట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి అప్పడాల కర్రతో నొక్కి వడగట్టడం. గింజలున్న ద్రాక్షకూ ఇదే సూత్రం. ద్రాక్షను ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో బాగా కడిగి వాడాలి.

ఆపిల్, జామ, సపోటా, అరటి కోసిన కాసేపటికి గోధుమ రంగుకు తిరుగుతాయి. పండు కణాల్లోని ఎంజైము గాలి తగిలి చేసే పని అది, పండు చెడిపోయిందని కాదు. జార్‌లో ముందుగా ఒక చెంచా నిమ్మరసం వేసి దాని మీద ముక్కలు వేస్తే రంగు చాలాసేపు నిలుస్తుంది. జామను కొద్దిగా నీళ్లతో మెత్తగా తిప్పి, గింజల కోసం మాత్రం జాలీ పట్టాలి. సపోటా పూర్తిగా మెత్తబడితేనే వాడాలి, పచ్చిదనం ఉంటే నాలుక పట్టేస్తుంది. పుచ్చకాయను మాత్రం వడగట్టకండి. గింజలు తీసి, నీళ్లు పోయకుండా ఒక్క తిప్పు తిప్పితే చాలు, పండులో 90 శాతం పైగా నీరే ఉంది.

బొప్పాయి, పైనాపిల్ రెండింటిలోనూ మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములున్నాయి. వాటిని పాలతోనో పెరుగుతోనో తిప్పి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీసేసరికి చేదుగా, విరిగినట్టుగా ఉండటానికి కారణం అదే. ఆ కలయిక కావాలంటే చేసిన వెంటనే తాగాలి. నిల్వ ఉంచాలంటే పైనాపిల్ ముక్కలను ముందు ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడాలి, వేడికి ఆ ఎంజైము పనిచేయడం మానేస్తుంది.

మామిడిలో పీచున్న చిన్న రసాలు, పెద్ద రసాలు చేత్తో పిసికి రసం తీయడానికి పుట్టినవి. బేనిషాన్, హిమాయత్, దసేరి పీచు తక్కువ కాబట్టి మిక్సీకి, స్మూతీకి బాగుంటాయి. సీతాఫలం వచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు కనిపించే సందడి ఇంట్లో చేసే మిల్క్‌షేక్‌కూ తేవచ్చు. అయితే గింజలను ఒక్కటి కూడా నలగనివ్వకూడదు, అవి విషపూరితం. గుజ్జును జాలీ మీద వేసి చెంచాతో రుద్ది, గింజలు వేరుచేశాకే పాలు కలపాలి.

ఏ రసమైనా గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, మే నెల మధ్యాహ్నాల్లో గంట కూడా ఎక్కువే. ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచినా అదే రోజు ముగించడం మంచిది.

ఐదో మెట్టు: స్మూతీ చిక్కగా, తీపి తక్కువగా

స్మూతీలో పండు మొత్తం ఉంటుంది, పీచు నలుగుతుందే తప్ప బయటికి పోదు. అందుకే రసానికీ దీనికీ మధ్య ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుతాను. ఇద్దరికి ఒక కప్పున్నర పండు ముక్కలు, ఒక కప్పు పెరుగు, అర కప్పు నీళ్లు లేదా పాలు, ఒక చెంచా నానబెట్టిన బాదంపప్పు లేదా వేయించిన అవిసె గింజలు కొలతగా పెట్టుకోండి. జార్‌లో ముందు ద్రవం, తరువాత పెరుగు, ఆపైన మెత్తటి పండు, చివరన గడ్డకట్టిన ముక్కలు వేయాలి. ఈ వరుస తప్పితే బ్లేడు ఖాళీగా తిరిగి మోటారు వేడెక్కుతుంది. ఆపి ఆపి తిప్పడం వల్ల నురగ కూడా తగ్గుతుంది.

చిక్కదనం ఐస్‌తో తెచ్చుకోకూడదు, కరిగాక రుచి పలచబడుతుంది. పండునే గడ్డకట్టించి వాడాలి. మే నెలలో బేనిషాన్ బాగా దొరికేటప్పుడు ముక్కలు కోసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఫ్రీజర్‌లో నాలుగైదు గంటలు ఉంచి, గట్టిపడ్డాక గాలి చొరని డబ్బాలోకి మార్చాలి. ఇలా చేస్తే ముక్కలు ఒకే ముద్దగా అంటుకోవు, ఆరు నెలల దాకా ఏ రోజుకు కావలసినన్ని ఆ రోజుకు తీసుకోవచ్చు. మచ్చలు పడిన అరటిపండ్లను పారేయకుండా ఇలాగే దాచండి, తీపి కోసం తేనె గానీ చక్కెర గానీ అవసరం లేకుండా ఆ ఒక్క పండే సరిపోతుంది.

మామిడి, పెరుగు, రెండు యాలకులు కలిస్తే పొద్దుటి ఉపాహారానికి నిండుగా ఉంటుంది. సపోటా, పాలు, ఒక ఖర్జూరం కలిస్తే పిల్లలు మళ్లీ అడుగుతారు. జామ, పుదీనా, పెరుగు, నల్ల ఉప్పు కలయికను కూడా ప్రయత్నించి చూడమని నా సలహా, తీపి ఇష్టపడని పెద్దవారికి అది బాగా నచ్చుతుంది. పులుపు ఎక్కువగా ఉన్న పండుకు పాలు పోస్తే విరుగుతాయి, అక్కడ పెరుగే సరైనది.

ఆరో మెట్టు: మన ఎండాకాలపు పానీయాలు

పుల్లటి పచ్చి మామిడికాయలు రెండింటిని తొక్కతోనే కుక్కర్‌లో ఉడికించి, చల్లారాక గుజ్జు పిసికి, గుజ్జుకు సమానంగా బెల్లం, చెంచాడు వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు, కొద్దిగా పుదీనా కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం దాకా ఉంటుంది. రెండు చెంచాల గుజ్జుకు గ్లాసు చల్లటి నీళ్లు కలిపి ఇవ్వాలి. బయట ఎండలో తిరిగి వచ్చినవారికి ఇంతకంటే హాయినిచ్చే పానీయం నేనెరగను.

శ్రీరామనవమి పానకాన్ని ఆ ఒక్క రోజుకే పరిమితం చేయడం మనం పోగొట్టుకుంటున్న సుఖం. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం సరిపోతుంది, బెల్లాన్ని కరిగించి వడగట్టి, దంచిన మిరియాలు, శొంఠి, యాలకులు కలపాలి. సబ్జా గింజలను చెంచాడు తీసుకుని కప్పు నీళ్లలో పావుగంట పైగా నానబెట్టి, పూర్తిగా ఉబ్బాకే వాడాలి, నానని గింజలు గొంతులో ఇబ్బంది పెట్టవచ్చు. రంజాన్ రోజుల్లో ఇఫ్తార్ వేళ గులాబీ సిరప్‌తో కలిపే పాలలోనూ, నిమ్మకాయ నీళ్లలోనూ ఇవి బాగుంటాయి. సుగంధిపాల (నన్నారి), గులాబీ సిరప్‌లు కొన్నప్పుడు అవి చాలావరకు చక్కెర పాకమేనని గుర్తుంచుకుని సీసా మీద చెప్పిన దానిలో సగమే వేయండి.

తాటి, ఈత చెట్ల నీరా పులియకముందు తియ్యగా, తేటగా ఉంటుంది. నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రారంభమైన నీరా కేఫ్ వల్ల నగరవాసులకు ఆ రుచి దగ్గరైంది. చల్లదనం తప్పితే కొన్ని గంటల్లోనే పులుస్తుంది కాబట్టి కొన్నచోటే తాగడం మంచిది.

ఏడో మెట్టు: ఎవరు ఎక్కువ జాగ్రత్త పడాలి

రెండేళ్లలోపు పిల్లలకు రసాలు ఇవ్వవద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు 125 మి.లీ., ఆపై వయసువారికి 250 మి.లీ. దాటవద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధుమేహం ఉన్నవారు రసం మాని పండు ముక్కలు తినాలి. కానీ రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు అదే రసం వేగంగా పనిచేసే సాయం అవుతుంది, అర గ్లాసు పైచిలుకు తాగించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరి నీళ్లు, పండ్ల రసాలు వైద్యుణ్ని అడగకుండా తాగకూడదు. స్టార్ ఫ్రూట్ అసలే వద్దు.

పొద్దున్నే సొరకాయ రసం తాగే అలవాటున్నవారికి ఒక గట్టి హెచ్చరిక. ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని చూడండి. కొంచెం చేదుగా ఉన్నా కాయ మొత్తం పారేయాలి, దాన్ని తియ్యటి రసంతో కప్పిపుచ్చి తాగకూడదు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు రక్తపు వాంతులకు, ప్రాణాపాయానికి దారితీసిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి.

ఎనిమిదో మెట్టు: నిమ్మ స్క్వాష్ చేసి నిల్వ ఉంచడం

నిమ్మకాయలు చవకగా ఉన్నప్పుడు ఒకసారి చేసి పెట్టుకుంటే వేసవి అంతా అక్కరకు వస్తుంది. లీటరు నిమ్మరసం, రెండు కిలోల చక్కెర, లీటరు నీళ్లు తీసుకోవాలి. ఈ కొలతతో స్క్వాష్‌లో రసం వాటా నాలుగో వంతు వస్తుంది, నిబంధనలు కోరేదీ ఆ 25 శాతమే. లీటరు రసానికి కాయ సైజును బట్టి యాభై, అరవై నిమ్మకాయలు పడతాయి.

చక్కెర, నీళ్లు కలిపి ఒక్క పొంగు రానిచ్చి, పలచటి గుడ్డలో వడగట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. చేయి పెడితే గోరువెచ్చదనం కూడా తెలియకూడదు, ఎందుకంటే వేడి తగిలిన నిమ్మరసం చేదెక్కి తాజా వాసన పోగొట్టుకుంటుంది. అప్పుడు గింజలు లేకుండా వడగట్టిన రసం కలపాలి. నెలల తరబడి బయట నిల్వ ఉంచదలిస్తే ఈ మొత్తానికి 2 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ (పైన చెప్పిన 224 గంధకపు లవణం) చాలు. దాన్ని చెంచాడు నీళ్లలో కరిగించి చివరన కలపాలి, ఆ పొడిని ముక్కుకు దగ్గరగా పెట్టి పీల్చకూడదు. వంటింటి తూకం 2 గ్రాములను సరిగ్గా చూపదు, నగల తూకం లాంటి చిన్నది వాడండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఇది కలపకుండా ఫ్రిజ్‌లోనే ఉంచి నెల రోజుల్లో ముగించాలి. నేరేడు, నల్లద్రాక్ష, ఫాల్సా, దానిమ్మలకు ఈ లవణం పనికిరాదు, వాటి ఎరుపు, ఊదా రంగులను అది తెల్లబరుస్తుంది. ఆ పండ్ల గుజ్జును ఫ్రీజర్‌లో దాచుకోవడమే మంచి దారి.

గాజు సీసాలను మరిగే నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టి, అంగుళం ఖాళీ వదిలి నింపాలి. చేసిన తేదీ చీటీ అంటించి వెలుతురు తగలని అలమారాలో పెట్టాలి. ఒక వంతు స్క్వాష్‌కు మూడు నాలుగు వంతుల చల్లటి నీళ్లు కలిపి ఇవ్వాలి. మూత తీసిన సీసాను మాత్రం ఫ్రిజ్‌లోకి మార్చి, తడి చెంచా పెట్టకుండా వాడుకోవాలి. బుడగలు వస్తున్నా, మూత తీయగానే పులిసిన వాసన కొట్టినా ఆ సీసాను పారబోయాలి.